నిన్నటి లెక్కతో రేపటి పాళ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఈ సభలో పురాణకథ యేదైన చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గురుముఖమున చదువుకొన్నవాడను కాను. ఈ గ్రంథాలయపు బల్లమీద భారతమును ముందు పెట్టుకొని, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, అర్థము కాని పద్యమును రెండేసి రాత్రులు నెమరువేసి నేర్చుకొన్న చదువు నాది. బ్రతుకుతెరువు మాత్రము లెక్కలు. మా తండ్రిగారు ఈ ఊరి కరణము. 1984లో కరణీకములు రద్దు కాగా ఆయన కలము ప్రక్కన పెట్టిరి. నేను పెద్దవాడనైన పిదప ఆ కలమును తీసికొని కాశీబుగ్గ జీడిపప్పు వర్తకుల ఖాతాలును, మన ఊరి ఇండ్ల జమాఖర్చులును వ్రాయుచు ఇన్నేండ్లు గడపితిని. కనుక కథయు లెక్కయు కలిసిన విషయము నొకదానిని ఎన్నుకొంటిని. లెక్క పాలు ఎక్కువైనచో మన్నింపుడు.

కొన్ని నెలల క్రిందట, సైన్యములో సేవ ముగించి ఇల్లు చేరిన మన ఊరివాడొకడు, వరుసకు నాకు మేనల్లుడు, ఒక రంగుల కాగితము పట్టుకొని వచ్చెను. ఉద్దానములో సైనికుడు లేని వీధి లేదు గదా. పదవీ విరమణ సొమ్ము చేతికి వచ్చిననాడు వారి గుమ్మమునకు వచ్చు బంధువులకును, సలహాదారులకును లెక్కయుండదు. ఆ కాగితములో ఐదు మ్యూచువల్ ఫండ్ల పేర్లున్నవి. నూటికి తొంబది పాళ్లు షేర్ల ఫండ్లలో, పది పాళ్లు బంగారములో పెట్టవలెనని యున్నది. దాని క్రింద, గత ఐదేండ్లు ఇట్లు పెట్టియుండినచో లక్ష రూపాయలు ఎంత అయ్యెడిదో లావు అక్షరములతో అచ్చువేసిరి.

"మావయ్యా, కాగితం మీద లెక్క ఉన్నాది గదా, మరి అబద్ధం అవుతాదేటి?" అని యతడు అడిగెను.

"అబద్ధం కాదు నాయనా, లెక్క సరిగానే ఉంది. అది ఏ ప్రశ్నకు జవాబో చూడాల" అంటిని. ఆ ప్రశ్నను గురించియే నేటి నా ప్రసంగము.

మ్యూచువల్ ఫండు అనగా ఏమో తెలియనివారి కొరకు రెండు మాటలు. పలువురి సొమ్మును ఒకచోట చేర్చి నిర్వాహకుడొకడు దానిని షేర్లలోనో, ఋణపత్రములలోనో, బంగారములోనో పెట్టును. మన వంతునకు యూనిట్లు వచ్చును. యూనిట్ విలువను ఎప్పటికప్పుడు ప్రకటించుచుందురు. మన దేశములో దీనికి మొదటి సంస్థ యూనిట్ ట్రస్టు. 1963లో దాని చట్టమైనది, 1964లో దాని మొదటి పథకము వచ్చినది. 1987లో ప్రభుత్వ బ్యాంకులును, 1993లో ప్రైవేటు సంస్థలును ఈ పనిలోనికి దిగినవి. నేడు పథకములు వందలకొలది. కాబట్టి సొమ్ము దాచుకొనువానికి మొదటి ప్రశ్న ఏ ఫండు అని కాదు; నూటికి ఎన్ని పాళ్లు ఒడుదుడుకులు గల షేర్లలో ఉంచవలెను, ఎన్ని పాళ్లు నిలకడగల చోట ఉంచవలెను అనునది. దానికి జవాబు వెదకుటకు అందరును వాడు ఉపాయము ఒక్కటే: గతకాలపు విలువలు తీసి, ఈ పాళ్లలో పెట్టియుండినచో ఏమయ్యెడిదో కట్టి చూచుట.

ఉపాయము మంచిదే. లెక్క కట్టక నమ్మవద్దనుట మన పెద్దలకు కొత్త కాదు. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగున చెప్పినాడు. పద్యమును గణితమును ఒకే నాలుకమీద ఆడించిన జాతి మనది. అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును తలచుకొనుడు. బాహుకుడను పేర మారురూపమున నున్న నలుడు రథము తోలుచుండగా, ఋతుపర్ణ మహారాజు దారిలో కనబడిన తానిచెట్టును చూపి దాని ఆకులెన్నియో, కాయలెన్నియో చెప్పెను. నలుడు మెచ్చుకొని ఊరకుండలేదు. రథము నాపి, చెట్టు కూల్చి లెక్కించి చూచెదననెను. స్వయంవరమునకు పొద్దుపోవుచున్నదని రాజు తొందరపడినను వినలేదు. అప్పుడు రాజు, ఒక కొమ్మలో కొంతభాగము లెక్కించినను నా మాట నీకు తెలియునని చెప్పెనట. సంస్కృత మూలమున ఈ మాట యున్నది. నలుడు లెక్కించెను, సరిపోయెను. అక్షహృదయమను విద్య ఆయనకు దక్కినది అప్పుడే, కలి ఆయనను విడిచినదియు అప్పుడే.

ఈ కథ నాకు చిన్ననాటినుండి ప్రియమైనది. కాని వయస్సు వచ్చిన కొలది అందులో రెండు సంగతులు కనబడినవి. నలుడు లెక్కించినది అప్పుడు నిలిచియున్న చెట్టు ఆకులను; వచ్చే ఏట అది ఎన్ని ఆకులు తొడుగునో ఋతుపర్ణుడు చెప్పలేదు, నలుడు అడుగలేదు. రెండవది, కొమ్మలో కొంతభాగము లెక్కించిన చాలునన్న మాట. ఏ కొమ్మ? ఏ భాగము?

కాశీబుగ్గలో నేను ఖాతా వ్రాయు కార్ఖానాకు జీడిపిక్కల లారీ వచ్చినపుడు, సరుకు దించకముందే కొన్ని పిక్కలు కోసి, పప్పు ఎంత దిగునో, పుచ్చు ఎంత యున్నదో చూచి ధర కట్టుదురు. అనుభవము లేనివాడు బస్తా మూతి విప్పి పైనున్న పిడికెడు తీసి కోయును. ఆరితేరిన మేస్త్రి పై బస్తాలను ముట్టడు. నడుమ బస్తా లాగించి, దాని అడుగునుండి తీయించును. ఎండిన పిక్క పైన, తడిసిన పిక్క అడుగున ఉండునని వానికి తెలియును. గతకాలపు ఐదేండ్ల లెక్క చూపువాడు మనకు ఏ బస్తా విప్పి చూపుచున్నాడో మొదట అడుగవలెను.

నేను ఆ బస్తాను ఒకసారి పై పొరనుండియే చూచితిని. ఆ సంగతి చెప్పకుండ ఈ ప్రసంగము చేయుట న్యాయము కాదు.

2007 చివరి మాట. మెట్టభూమి కొంత అమ్మగా రెండు లక్షల రూపాయలు చేతికి వచ్చినవి. మా అమ్మాయి చదువునకని వాటిని అట్టిపెట్టదలచితిని. ఒక మధ్యవర్తి ఐదేండ్ల పట్టిక చూపెను. లెక్కలవాడను గనుక ఆయన మాట నమ్మక నేనే మరల కట్టితిని. బొంబాయి షేర్ల సూచి సెన్సెక్సు 2002 చివర 3,377. 2007 చివర 20,287. అనగా రూ.100 పెట్టినవానికి ఐదేండ్లలో రూ.601. డిపాజిట్టునకు ఏటా 7 శాతము వడ్డీ యనుకొందము, అది 140 మాత్రమే. సగము షేర్లలో, సగము డిపాజిట్టులో ఉంచి, ప్రతి సంవత్సరాంతమున మరల సగము సగము చేసికొన్నవానికి 309. ఇంక సందేహమేమి? మొత్తము షేర్ల ఫండ్లలో పెట్టితిని. గుణకారములో తప్పు లేదు. నేటికిని ఆ కాగితము నా వద్దనున్నది. ఎన్నిమారులు కట్టినను 601 వచ్చును.

తరువాతి ఐదేండ్లు అదే కలముతో, అదే పద్ధతిలో కట్టి చూడుడు. 2008 చివర సూచి 9,647. 2012 చివర 19,427. మొత్తము షేర్లలో పెట్టినవాని రూ.100, ఐదేండ్ల తరువాత రూ.96. సగము సగము వానికి రూ.132. డిపాజిట్టు వానికి అదే 140. మొదటి ఐదేండ్లలో మొదట నిలిచినది కడకు పోయినది. కడపటిది మొదటికి వచ్చినది. వరుస పూర్తిగా తలక్రిందులు.

నేను ఐదేండ్లు ఆగియుండినచో నాలుగు రూపాయల నష్టముతో బయటపడెడివాడను. ఆగలేకపోతిని. 2009 ఫిబ్రవరిలో మా తండ్రిగారికి మూత్రపిండముల వ్యాధి ముదిరినదని వైద్యులు చెప్పిరి. ఉద్దానమువారికి ఈ వాక్యమును విడమరచి చెప్పనక్కరలేదు. అప్పటికి పలాసలో నేడున్న ఆసుపత్రి లేదు. రక్తశుద్ధికి విశాఖపట్టణము పోవలెను. మనిషికి, తోడు మనిషికి, బసకు, మందులకు డబ్బు కావలెను. యూనిట్లు అమ్మితిని. రెండు లక్షలకు సగము కూడ రాలేదు. ఆ సంవత్సరమే, నేను అమ్మిన కొద్ది వారములనుండి సూచి పైకి లేచి, ఏడాది ముగియునప్పటికి 2008 చివరికంటె 81 శాతము పెరిగినది. ఆ పెరుగుదల నాది కాలేదు. అమ్మాయి చదువు ఒక సంవత్సరము వెనుకబడినది. తండ్రిగారు మరి రెండేండ్లుండిరి. ఆ డబ్బెక్కడిదని ఏనాడు అడుగలేదు, కరణము గనుక తెలిసియే యుండును.

నా పరీక్షలో దోషము ఎక్కడ? చాలకాలము షేర్ల బజారును నిందించితిని. అది నా పొరపాటు. నా పట్టికలో సూచికొక వరుసయున్నది, వడ్డీకొక వరుసయున్నది. ఇంటిలో డబ్బు ఎప్పుడు కావలసివచ్చునో దానికి వరుస లేదు. ఉద్దానములో పుట్టినవాడు గీసిన పట్టికలో ఆ వరుస ముందుండవలసినది.

ఆ తరువాత నాకొక పట్టుదల కలిగినది. 1999 చివరనుండి 2024 చివరవరకు ప్రతి సంవత్సరాంతపు సూచిని ఒక పుస్తకములో ఎక్కించి, ఒక్క ఐదేండ్లు కాక, ఐదేండ్ల గడువులన్నిటిని కట్టితిని. 1999నుండి 2004, 2000నుండి 2005, ఇట్లు 2019నుండి 2024 వరకు ఇరువదియొక్క గడువులు. కంపెనీలు పంచు లాభాంశములను ఇందులో కలుపలేదు. కలిపినచో షేర్ల ఫలము మరికొంత పెరుగును. అసలు సొమ్ము తగ్గినది ఒక్క గడువులో మాత్రమే; అది నాదే, 2007నుండి 2012. డిపాజిట్టు వాని 140 కంటె తక్కువ వచ్చినవి, నాదానితో కలిపి, నాలుగు. మిగిలిన పదునేడు గడువులలో షేర్లదే పైచేయి. కావున షేర్లు జూదమని, ముట్టరాదని నేను చెప్పుటలేదు. 2007 చివర, అంత ఎత్తున పెట్టినవాడు సైతము 2024 చివరవరకు కదలకుండినచో రూ.100కు రూ.385 చూచియుండును, 7 శాతపు డిపాజిట్టు ఆ పదునేడేండ్లలో 316 అయ్యెడిది.

అయితే ఇరువదియొక్క గడువులనగానే ఇరువదియొక్క సాక్షులని భ్రమపడరాదు. 2002–07 గడువునకును 2003–08 గడువునకును నాలుగేండ్లు ఉమ్మడి. ఇరువదియైదేండ్లలో ఒకదానితో ఒకటి కలియని ఐదేండ్ల గడువులు ఐదే. ఒకే కొబ్బరిచెట్టును తూర్పునుండి, పడమటినుండి చూచి వ్రాసికొన్నంతమాత్రమున తోటలో చెట్లు పెరుగవు.

గడువును ఒక్క ఏడు జరిపినచో ఏమగునో కూడ చూడుడు. 2007 చివరనుండి 2017 చివరవరకు పదేండ్లలో రూ.100 రూ.168 అయినది. 2008 చివరనుండి 2018 చివరవరకు, అవియు పదేండ్లే, రూ.374. దేశము అదే, కంపెనీలు దాదాపు అవే. పట్టిక గీయువాడు గీత ఎక్కడ మొదలుపెట్టెనో అదియే ఈ తేడా అంతటికిని కారణము. రంగుల కాగితము మీద ఈ గీత మొదలు ఎప్పుడును లోయలోనే యుండుట మీరును గమనింపవచ్చును.

ఇంక పాళ్ల సంగతి. సొమ్మును నాలుగు చోట్ల పెట్టిన భద్రమని అందరును చెప్పుదురు. మన తోటలను చూడుడు. కవిటి మొదలు వజ్రపుకొత్తూరు వరకు, కొబ్బరి క్రింద నీడ, ప్రక్కన జీడి, గట్టున పనస, దొడ్డిలో మామిడి. ఒక పంటకు ధర తగ్గిన ఇంకొకటి ఆదుకొనును. మా తండ్రిగారి కాలమునుండి మనవారు దీనిని గొప్ప ఉపాయముగా చెప్పుకొనుచుండిరి. ఆ మాట నిజమే. 2014 చివరనుండి 2018 సెప్టెంబరు వరకు మాత్రమే తోటల లెక్క తీసి పరీక్షించినచో ఇంతకంటె నిలకడగల ఆస్తి లేదని తేలియుండును. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లవారి తలుపు తీసినవారికి దారి కనబడలేదు. ఆకాశము మాత్రము, ఎన్నడును కనబడనంత, కనబడినది. కొబ్బరి, జీడి, పనస, మామిడి అన్నియు ఒక్క గాలికి ఒరిగినవి. నాలుగు పంటలు నాలుగు పేర్లే గాని, గాలి ముందర ఒకే పంట. కొబ్బరి మొక్క నాటి ఆరేడేండ్లు గడచినగాని కాయ చూడలేము. ఆ ఆరేడేండ్లు ఎట్లు గడచినవో ఈ సభలోనివారే చెప్పగలరు.

2008లో షేర్ల ఫండ్ల గతియు ఇదియే. మా మధ్యవర్తి నాకు నాలుగు ఫండ్లు కొనిపెట్టెను. నాలుగు వేర్వేరు పేర్లు, నాలుగు వేర్వేరు నిర్వాహకులు. నాలుగును కలిసి పడినవి.

దీనికి ఎదురు ఉదాహరణ టెక్కలి దాటి నౌపడా పోయినచో కనబడును. అక్కడ ఒక ప్రక్క వరిచేలు, ఒక ప్రక్క ఉప్పుమడులు. వానలు మొగము చాటువేసిన ఏట చేను ఎండును. మడిలో ఉప్పు తెల్లగా కట్టును. అకాలపు వాన పడిన ఏట ఉప్పు కరగిపోవును. చేను మాత్రము దాహము తీర్చుకొనును. రెండే వృత్తులు, కాని ఒకదాని కీడు రెండవదాని మేలు. రెండును గల ఇంటికి గొప్ప లాభము వచ్చిన ఏడు తక్కువ, పొయ్యి వెలుగని ఏడును తక్కువ. పాళ్లను పరీక్షించునపుడు చూడవలసినది పేర్లెన్ని యని కాదు. ఒకటి పడిన దినమున రెండవది ఏమి చేసినదని. 2008లో షేర్లు కూలినపుడు మన దేశమున బంగారము ధర పెరిగినది. 2013లో షేర్లు కొంత పెరుగగా బంగారము తగ్గినది. అట్లని బంగారము ఎప్పుడును ఎదురుగనే నడచునని వ్రాతపూర్వకముగా ఎవరును ఇయ్యలేదు.

ఈ కలిసి పడుటను, విడివిడిగా నడచుటను గణితముగా కట్టి చూపినవాడు హారీ మార్కోవిట్జ్ అను అమెరికా పండితుడు. 1952లో వ్యాసము వ్రాసినాడు, 1990లో నోబెల్ బహుమతి పొందినాడు. అంతటివాడు తన సొంత పదవీ విరమణ సొమ్మును తన సూత్రముతో కట్టి పంచుకొనలేదట. సగము షేర్లలో, సగము ఋణపత్రములలో పెట్టుకొన్నాడట. తరువాత పశ్చాత్తాపపడకుండుటకై అట్లు చేసితినని ఆయనయే చెప్పినాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది, కొంత ఊరటయు కలిగినది.

సగము సగములో ఇంకొక విశేషమున్నది. 2007–12 చెడ్డకాలమున ఆ పద్ధతికి 132 వచ్చెనంటిని గదా. సగము సగము పెట్టి, మధ్యలో ముట్టక వదలినవానికి వచ్చునది 118. ఆ పదునాలుగు ఎక్కడిది? 2008 చివర వాని రూ.100 రూ.77 అయినది, అందులో షేర్లు 24, డిపాజిట్టు 53. అప్పుడు డిపాజిట్టునుండి దాదాపు 15 తీసి, అందరును పారిపోవుచున్న షేర్లలో వేసి, రెండిటిని సమము చేయవలెను. మరుసటి ఏడు షేర్లు 81 శాతము పెరిగినవి. కాగితముమీద ఇది ఒక్క తీసివేత, ఒక్క కూడిక. ఆ డిసెంబరులో, రోజూ పత్రికలో పతనవార్తలు చదువుచు, ఇంటిలోనివారి మొగములు చూచుచు, ఆ 15ను తీసి వేయగలవాడు ఎవరు? గతకాలపు పరీక్షలో ఈ పని చేయువాడు గుండె లేని అంకె. అందుకే పాళ్లు నిర్ణయించునపుడు చివరి మొత్తమును కాదు, నడుమ వచ్చిన కనిష్ఠమును చూడుమందును. మొత్తము షేర్లవాడు 2008 చివర 48 చూచినాడు, సగము వాడు 77 చూచినాడు. నీవు ఏ అంకెవద్ద నిద్రపోగలవు?

పాత అంకెలే సరియైనవి కానిచోట ఇంక చెప్పనేల. 1964లో వచ్చిన ఆ మొదటి పథకము, యూఎస్-64, చాలకాలము యూనిట్లను లోపలి ఆస్తుల విలువనుబట్టి కాక, సంస్థ తాను నిర్ణయించిన ధరకు అమ్ముచు కొనుచుండెడిది. అందుచే దాని పాత ధరల వరుసలో గోతులు కనబడవు. గోయి లోపల నుండెను. 2001 జూలైలో క్రయవిక్రయములు ఆరు నెలలు నిలిపివేసినపుడు గాని పదవీ విరమణ సొమ్ము అందులో దాచుకొన్నవారికి తెలియలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు, తమ లెక్కలలో లేని నగదును ఉన్నట్లు చూపితిమని తానే వ్రాసి ఒప్పుకొన్నాడు. ఖాతా వ్రాయువాని చేతిలో సత్యము లేనిచో, ఆ ఖాతాతో చేసిన పరీక్షకు విలువేమి? ఈ వృత్తిలో నున్నవాడను గనుక ఆ దినమున నాకు సిగ్గువేసినది.

వేరొక మోసము ఎవరును చేయకయే జరుగును. తిత్లీ తరువాత తోటకు పోయి, నిలిచియున్న చెట్లను మాత్రము లెక్కించి, ఉద్దానపు కొబ్బరి తుపానును తట్టుకొనునని వ్రాసినచో ఎట్లుండును? ఫండ్ల పట్టికలలో నేడు జీవించియున్న పథకములే కనబడును. చేతగాక మూసివేసినవి, వేరొకదానిలో కలిసిపోయినవి పేరు లేక పోయినవి. సెబీ 2017 అక్టోబరులో పథకములను తరగతులుగా విభజింపుమని ఆదేశింపగా, 2018లో అనేక పథకములు పేరు మార్చుకొన్నవి, స్వభావము మార్చుకొన్నవి. కావున ఒక ఫండు పదేండ్ల చరిత్రలో మొదటి కొన్నేండ్లు వేరొక మనిషివి కావచ్చును.

మేనల్లుని సంగతి చెప్పి ముగించెదను. అతని కాగితము వెనుకవైపున నేను నాలుగు పంక్తులు వ్రాసితిని. ఇంటి ఖర్చు రెండేండ్లకు సరిపడునది, పిల్ల పెండ్లికి మూడేండ్లలో కావలసినది, ఆసుపత్రికని కొంత, ఇవి బ్యాంకులోను పోస్టాఫీసులోను ఉండవలెను. వీటిని పాళ్లలో చేర్చరాదు. మిగిలినది సగము షేర్ల ఫండ్లలో, సగము నిలకడగల చోట. ఒక్కదినమున కాక ఏడాది పొడుగున కొంచెము కొంచెముగా. ప్రతి సంక్రాంతికి ఒకమారు పాళ్లు సరిచూచుకొనవలెను. మధ్యవర్తి లేక నేరుగ కొను విధానము 2013 జనవరినుండి ఉన్నది. దానిలో నిర్వహణ ఖర్చు తక్కువ. గతమున ఎంత వచ్చెనో తెలియకున్నను, ఖర్చు ఎంత పోవునో ముందే తెలియును గదా.

అతడు చదివి చాలసేపు ఊరకుండెను. పిదప, "నీకు ఒకసారి దెబ్బ తగిలీసింది మావయ్యా, అందుకే భయపడతన్నావు. నీ ఒక్క సంవత్సరం చూపించి నాకు పాళ్లు కడతన్నావు. ఆ కాగితంవోడు మంచి అయిదేళ్లు చూపించినాడు, నువ్వు చెడ్డ అయిదేళ్లు చూపించినావు" అనెను.

సభవారికి నిజము చెప్పవలెను: ఆ మాటకు నావద్ద సమాధానము లేకపోయినది. నా నష్టమును నా ఇరువదియొక్క గడువులలో ఒకటిగా లెక్కించితిని గాని, మనసులో దానిని ఇరువదిగా మోయుచుంటినేమో. మరునాడు ఇద్దరము పుస్తకము ముందు పెట్టుకొని గడువులన్నియు మరల కట్టితిమి. ఇంటి ఖర్చు, పెండ్లి, ఆసుపత్రి, ఈ మూడు పంక్తులకు అతడు మారుమాట లేక ఒప్పుకొనెను. తన తల్లి రక్తశుద్ధికి వారమునకు మూడుమారులు పోవుచున్నది. మిగిలినదానిలో అరువది పాళ్లు షేర్లకు నిశ్చయించుకొనెను. నాకు పది ఎక్కువ యనిపించినది, అతనికి ముప్పది తక్కువ యనిపించినది.

ఆ సంవత్సరాంతపు సూచుల పుస్తకమును నేడు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. భారతము అలమరకు ప్రక్కన, క్రింది అరలో ఉంచుటకు కార్యదర్శిగారు ఒప్పుకొనిరి. ఒక పుటలో అంకెలు, ఎదుటి పుటలో మన ఊరి సంగతులు వ్రాసితిని: ఫైలిన్ ఏడు, తిత్లీ ఏడు, పిక్క ధర పడిన ఏడు. 2024 తరువాత నలువది పుటలు ఖాళీగా విడిచితిని. పెన్సిలుతో కాక సిరాతో వ్రాయవలెననియు, తప్పు పడినచో కొట్టివేసి ప్రక్కన సంతకము చేయవలెననియు చందాదారులను కోరుచున్నాను.